మామిడి పూత రాలాక తేనెటీగకు తిండి ఎక్కడ? చిత్తూరు, తిరుపతి రైతులు పొలంలో పన్నెండు నెలలూ పూలు ఉండేలా చూసుకునే పద్ధతి

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మామిడి పూత కాలం. ఆ రెండు మూడు నెలలూ తేనెటీగలకూ, ఈగలకూ, చిన్నా చితకా పురుగులకూ తిండికి కొదవ ఉండదు. పూత రాలి పిందె నిలిచాక మాత్రం, తోతాపురి ఒక్కటే ఎకరాలకు ఎకరాలు పరచుకున్న ఊళ్లలో, చెట్ల కింద నేలను గడ్డిపోచ లేకుండా దున్ని ఉంచిన తోటల్లో, వాటికి వాలడానికి ఒక్క పువ్వు దొరకదు. మళ్లీ పూత వచ్చేనాటికి అవి మన తోటలో ఉండాలంటే మధ్యనున్న తొమ్మిది నెలలు ఎక్కడో ఒకచోట తిని, గూడు కట్టుకుని, పిల్లల్ని పెంచుకుని బతకాలి. ఆ చోటు మీ పొలమే అయ్యేలా చేసుకోవచ్చు. అందుకు కొత్తగా భూమి అక్కరలేదు, పెద్ద ఖర్చూ లేదు. గెనిమలు (పొలం గట్లు), కంచె, చెట్ల సందులు, పంటకూ పంటకూ నడుమ బీడుగా వదిలేసే వారాలు సరిపోతాయి.

పరాగ సంపర్కం (పుప్పొడి పువ్వు నుంచి పువ్వుకు చేరడం) అనగానే చాలామంది తేనెపెట్టెలు కొనడంతో మొదలుపెడతారు. అది అన్నిటికన్నా చివర చేయవలసిన పని అని నా గట్టి నమ్మకం. పూలు లేని చోట పెట్టె పెడితే మన నాటు తేనెటీగలు గూడు వదిలి లేచిపోతాయి, పెట్టె ఖాళీగా మిగులుతుంది. ముందు తిండి, తరువాత గూడు, ఆపైన మందుల జాగ్రత్త, చివరగా పెట్టె. ఈ వరస తప్పకండి.

మొదటి పని: పూల లెక్క రాసుకోవడం

ఒక నోటుపుస్తకంలో నెలకొక పేజీ కేటాయించండి. నెలకోసారి పొలం చుట్టూ, కంచె వెంట, పక్కవాళ్ల గట్ల మీద తిరిగి ఏయే మొక్కలు పూసి ఉన్నాయో రాయండి. పంట మొక్కలనే కాదు, మనం కలుపు అనుకునే తుమ్మికూరనూ గడ్డిచామంతినీ కూడా రాయాలి, ఎందుకంటే వానలు పడ్డాక చిన్న తేనెటీగలకు అవే పెద్ద దిక్కు. చిన్న జాతుల తేనెటీగలు గూటి నుంచి కొన్ని వందల మీటర్లకు మించి పోలేవు కాబట్టి అర కిలోమీటరు లోపల ఉన్నదే మీ లెక్కలోకి వస్తుంది.

మన ప్రాంతంలో ఈ లెక్క సాధారణంగా ఇలా తేలుతుంది. మామిడి వెనుకే జనవరి నుంచి మార్చి వరకు గ్లిరిసిడియా, మార్చి ఏప్రిల్ నెలల్లో వేప, నేరేడు, ఏప్రిల్ మే నెలల్లో కానుగ, ఆ తరువాత చింత పూస్తాయి. సెప్టెంబరు నుంచి తంగేడు, రేగు, అక్టోబరు నుంచి ఉలవ, కంది, చలి మొదలయ్యాక అనప. చెట్లు కొట్టేసిన పొలాల్లో మార్చి నుంచే కరువు మొదలవుతుంది. చెట్లున్న పొలాల్లో కూడా జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా ఖాళీ కనిపిస్తుంది. వాన పడి నేలంతా పచ్చగా ఉన్నా పువ్వు ఉండదు. తేనె పెంపకందారులు కరువు నెలలుగా లెక్కించేది ఈ వానాకాలాన్నే. మీ పుస్తకంలో ఏ పేజీ ఖాళీగా ఉంటే ఆ నెల మీద మీ శ్రమ పెట్టండి. ఇప్పటికే పూలున్న నెలలో ఇంకో పూలమొక్క వేయడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

లెక్కతో పాటు వచ్చే వాళ్లనూ గమనించండి. పూత కాలంలో ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య ఒక మామిడి కొమ్మ దగ్గర పది నిమిషాలు కదలకుండా నిలబడి, ఒక్క పూగుత్తినే చూడండి. తేనెటీగల కన్నా ఈగలే ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. మామిడి పూలు చిన్నవి, విప్పారి ఉంటాయి, మకరందం పైపైనే ఉంటుంది కనుక పొట్టి నాలుక గల ఈగలకు అందుతుంది. ఆకుపచ్చగా మెరిసే ఈగ, మామూలు ఇంటి ఈగ, పొట్ట మీద పసుపూ నలుపూ చారలుండి గాలిలో ఒకేచోట నిలిచి ఎగిరే సన్నని ఈగ ఒక్కొక్క పువ్వు మీదా నడుస్తూ కాళ్లకూ పొట్టకూ పుప్పొడి అంటించుకుంటాయి. ఒక్కో గుత్తిలో వందల నుంచి వేల పూలు ఉన్నా వాటిలో మగపూలే ఎక్కువ. పిందె కట్టగలిగిన ద్విలింగ పూలు కొన్నే. ఆ కొన్నిటికీ సరైన సమయంలో పుప్పొడి చేర్చేది ఈ ఈగల గుంపే. ముఖ్యంగా ఆ చారల ఈగను గుర్తుపెట్టుకోండి. పెద్దయ్యాక అది పూల మీద బతుకుతుంది, పిల్ల పురుగుగా ఉన్నప్పుడు పేనుబంకను తిని పెరుగుతుంది. ఒకే జీవి మనకు రెండు పనులు చేసిపెడుతోంది.

ఖాళీ నెలలను నింపడం

వేసవి చినుకులు పడే ఏప్రిల్, మే నెలల్లో, వేరుశనగ వేయడానికి ముందు, నేలను ఊరికే వదలకుండా నవధాన్యాలు చల్లండి. రైతు సాధికార సంస్థ 2016 నుంచి మన రాష్ట్రంలో నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో వానలకు ముందే పొడినేలలో విత్తే ఈ పద్ధతికి పెద్ద పీట వేశారు. విత్తనాలకు బీజామృతం (ఆవు పేడ, మూత్రంతో చేసే విత్తన శుద్ధి ద్రావణం) పట్టించి, మట్టి, బూడిద పొరలా అంటేలా ఆరబెట్టి చల్లితే చీమలూ పిట్టలూ తినకుండా వాన కోసం ఎదురుచూస్తాయి. కలగలుపులో జనుము, అలసంద, నువ్వు, ఆవాలు, ధనియాలు, సజ్జ, జొన్న, కంది, ఉలవ ఉండేలా చూసుకోండి. ఎకరాకు పది పన్నెండు కిలోలు సరిపోతాయి. పశువుల మేతకే అయితే పూతకు ముందు కోస్తారు. మన ఉద్దేశం వేరు కాబట్టి కనీసం నాలుగో వంతు నేలలో పూత పూర్తయ్యేదాకా కోయకుండా ఉంచి, ఆ తరువాతే నేలలో కలియదున్నండి. సజ్జ, జొన్న పూలలో మకరందం ఉండదు గానీ పిల్లల్ని పెంచడానికి తేనెటీగలకు కావలసిన పుప్పొడి ఉంటుంది.

మామిడి తోటలో అయితే చెట్ల వరసల మధ్య నేలనంతా ఒకేసారి దున్నే అలవాటు మానుకోండి. ఒక సాలు దున్ని ఒక సాలు వదిలి, వదిలిన దానిని నెల తరువాత దున్నండి. ఎప్పుడూ ఎక్కడో ఒకచోట తుమ్మికూరో అలసందో పూసి ఉంటుంది. వయ్యారిభామ మాత్రం పూతకు ముందే పీకేయాలి. లాంటానా పొదకు సీతాకోకచిలుకలు వస్తాయి నిజమే, కానీ అది అడవినీ బీళ్లనూ ఆక్రమించే మొక్క, దానిని నాటవద్దు.

గెనిమల మీదా కంచె వెంటా ఏం నాటాలి

గెనిమ మీద నాటే చెట్టు మీకూ ఉపయోగపడాలి, పురుగుకూ తిండి పెట్టాలి. అన్నిటికన్నా ముందు మునగను చెబుతాను. ఏడాదిలో ఒకటికి రెండుసార్లు పూస్తుంది, కాయ అమ్ముడుపోతుంది, ఆకు వంటకు వస్తుంది, నీడ పలుచన. ఎకరా చుట్టూ ఎనిమిది, పది మొక్కలు చాలు. కంచె వెంట గ్లిరిసిడియా కొమ్మలు గుచ్చితే పచ్చిరొట్ట ఎరువూ దొరుకుతుంది. దాన్ని కొట్టేటప్పుడు అంతా ఒకేసారి కొట్టకుండా సగం పూతకు వదలండి. కానుగ, వేప, నేరేడు పొలానికి ఉత్తరం వైపునో, బావి గట్టునో, పంటకు నీడ పడని చోట ఒక్కొక్కటి చొప్పున ఉన్నా సరిపోతుంది. ఇవి పెరిగి పూయడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఇప్పటికే ఉన్న చెట్లను కొట్టకుండా కాపాడుకోవడమే తొలి లాభం.

తంగేడు గురించి కాస్త వివరంగా చెప్పాలి. బీళ్లలోనూ బాటల పక్కనా తనంతట తాను పెరిగే ఈ పొదను చాలామంది ట్రాక్టరుతో పెకిలించేస్తారు. తంగేడు పువ్వులో మకరందం ఉండదు, ఉన్నదంతా పుప్పొడే. అదీ కేసరాల కొనలోని సన్నని రంధ్రం గుండా మాత్రమే రాలుతుంది. నల్లని గండుతుమ్మెద పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకుని, ఎగరకుండానే ఒళ్లంతా అదరగొడుతుంది. దగ్గర నిలబడి వింటే ఎగిరేటప్పటి మోతకన్నా సన్నగా, తెగి తెగి ఒక శబ్దం వస్తుంది. ఆ అదురుకు పుప్పొడి జల్లున రాలి దాని పొట్ట మీద పడుతుంది. టమాటా, వంగ పూల అమరిక కూడా ఇలాంటిదే. టమాటా తన పుప్పొడితో తానే కాయ కడుతుంది, గాలి ఊపినా కొంత పని జరుగుతుంది. అయినా ఇలా అదరగొట్టే తుమ్మెదలూ, నీలి చారల తేనెటీగలూ వాలిన పూలలో కాయ కట్టు మెరుగ్గా ఉండి కాయ నిండుగా వస్తుంది. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఈ విద్య రాదు. పలమనేరు, పుంగనూరు, వి.కోట వైపు టమాటా వేసే రైతు తన పొలం అంచున నాలుగు తంగేడు పొదలను ఉంచుకుంటే, టమాటా లేని నెలల్లో ఈ తుమ్మెదలను తన దగ్గరే ఉంచుకున్నవాడవుతాడు.

కౌండిన్య అభయారణ్యం అంచున ఉన్న కుప్పం, పలమనేరు ప్రాంతాల రైతులు పనస, అరటి వంటి వాటిని గెనిమల మీద పెట్టే ముందు ఆలోచించుకోవాలి. పూలకు మంచివే అయినా అవి ఏనుగులను పొలంలోకి పిలుస్తాయి. అక్కడ కానుగ, వేప, తంగేడు మేలు.

పంటలో పంట

వేరుశనగకు పురుగు సాయం పెద్దగా అక్కరలేదు, తన పువ్వులోనే తాను పని ముగించుకుంటుంది. అందుకని వేరుశనగ ఒక్కటే ఉన్న చేను తేనెటీగలకు దాదాపు బీడుతో సమానం. ఏడు సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది వేస్తే వేరుశనగ తీసేశాక కూడా కంది పూస్తూనే ఉంటుంది. మన పెద్దలు కలిపి వేసిన అనప, అలసంద, ఆముదం సాళ్లను మళ్లీ తీసుకురండి. చలికాలంలో అనపకాయకు మన సంతల్లో ఉన్న గిరాకీ మీకు తెలియనిది కాదు. కంది ఆకుల అంచున, గులాబీ ఆకుల మీద గుండ్రంగా కోసినట్టు కనిపిస్తే తెగులనుకుని మందు కొట్టవద్దు. ఆకుకోత తేనెటీగ తన గూటికి పరుపు కోసం తీసుకెళ్లిన ముక్క అది. కంది పూలు తెరిచే పని బాగా చేసేది ఆ తేనెటీగే.

టమాటాలో పదహారు సాళ్లకు ఒక సాలు బంతి వేయడం కాయతొలుచు పురుగుకు ఎరపంటగా చాలాకాలంగా సిఫారసులో ఉన్నదే. నలభై రోజుల బంతి నారునూ ఇరవై ఐదు రోజుల టమాటా నారునూ ఒకేసారి నాటితే రెండూ ఒకే సమయంలో పూతకు వస్తాయి. ఆ సాలు ముద్దబంతి, మార్కెట్టుకు పోతుంది. దానితో పాటు చివర్లలో కొంత రేకబంతి కూడా వేయండి. ముద్దబంతిలో రేకులు కిక్కిరిసి ఉండి మకరందం పురుగుకు అందదు. ధనియాలు కొత్తిమీరగా కోసేసిన మడిలో ఒక మూల వదిలేస్తే వచ్చే తెల్లని పూలకు చారల ఈగలు ఎగబడతాయి. పేనుబంక ఉన్న పొలంలో ఈ ఒక్క మూల చేసే మేలు తక్కువేమీ కాదు.

గుమ్మడి, దోస, పుచ్చ, కాకర, బీర, సొర పంటల సంగతి వేరు. వీటిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు, పురుగు రాకపోతే కాయే లేదు. దోసకాయ తొడిమ వైపు లావుగా, పువ్వు వైపు సన్నగా వంకర తిరిగి వస్తుంటే ఎరువు లోపమని తేల్చేయకుండా, ఉదయం ఏడు గంటలకు పొలంలో నిలబడి ఎన్ని తేనెటీగలు వస్తున్నాయో చూడండి. పుప్పొడి చాలినంత అందకపోయినా కాయ అలాగే వస్తుంది.

మామిడిలో కూడా ఒకే రకం మీద ఆధారపడటం తగ్గించుకోవడం మంచిది. కొత్తగా నాటేటప్పుడు, పోయిన చెట్ల చోట తిరిగి నాటేటప్పుడు తోతాపురి మధ్య నీలం, బేనీషా అక్కడక్కడా వచ్చేలా చూడండి. వేరే రకం పుప్పొడి అందుతుంది, పూత కాలం కొన్నాళ్లు సాగుతుంది. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయి ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు అదనంగా ఇవ్వవలసి వచ్చిన సంగతి గుర్తుంటే, రకాలు కలపడానికి పురుగుల మేలొక్కటే కారణం కాదని తెలుస్తుంది.

గూడుకు చోటు

తేనెటీగ జాతుల్లో దాదాపు 70 శాతం నేలలోనే బొరియ చేసుకుని బతుకుతాయి. అందుచేత పొలంలో ఒకటి రెండు సెంట్లు, ఎండ తగిలే, నీరు నిలవని గట్టు వాలును దున్నకుండా, ప్లాస్టిక్ షీటు కప్పకుండా వదలండి. పాత మట్టిగోడ ఉంటే పడగొట్టకండి, నీలి చారల తేనెటీగలకు అదే ఇల్లు. ఎండిన మామిడి కొమ్మలు కత్తిరించినప్పుడు లావుపాటి మొద్దులు నాలుగు, ఎండు వెదురు ముక్కలు కొన్ని కంచె పక్కన పేర్చి ఉంచితే తుమ్మెదలు తొలుచుకుంటాయి. వేసవిలో బోరు దగ్గర వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్లు పోసి, ఈగలు నిలబడి తాగడానికి గులకరాళ్లు వేయండి. మూడు రోజులకోసారి కడిగి పోస్తే దోమ చేరదు.

మందు కొట్టక తప్పని చోట

ఇంతవరకు చేసినదంతా ఒక్క పూటలో పోగొట్టుకోవడం సులభం కాబట్టి ఈ భాగాన్ని శ్రద్ధగా చదవండి. మామిడిలో తేనెమంచు పురుగుకు మందు కొట్టవలసి వస్తే పూగుత్తి పొడుచుకు వస్తూ పూలు ఇంకా విచ్చుకోని దశలో కొట్టండి. తరువాతిది పిందె బఠాణీ గింజంత అయ్యాకే. మధ్యలో, చెట్టంతా విచ్చుకుని ఉన్నప్పుడు, పురుగుమందు కొట్టకూడదు. పక్క తోటలో కొడుతున్నారని మనమూ కొట్టడం మన ప్రాంతంలో జరుగుతున్న అసలు నష్టం. బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, ఇదీ పూలు విచ్చుకోకముందే. కోత అయిపోగానే కొమ్మలు పలచన చేసి లోపలికి ఎండ తగిలేలా చేస్తే తేనెమంచు పురుగు ఉధృతి చాలావరకు తగ్గుతుంది. ఆ పనికి కూలి ఖర్చు పెట్టడం మందు ఖర్చు కన్నా నయం.

మందు డబ్బా మీది త్రికోణం రంగును చూసి మోసపోవద్దు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు ఆ మందు మనుషులకూ పశువులకూ ఎంత విషమో చెబుతాయి, తేనెటీగ గురించి ఏమీ చెప్పవు. థయామిథాక్సామ్ డబ్బా మీద నీలం త్రికోణమే ఉంటుంది, కానీ తేనెటీగకు అది తీవ్రమైన విషం. అదీ, ఇమిడాక్లోప్రిడ్ వంటివీ మొక్క రసంలో కలిసి మకరందానికీ పుప్పొడికీ చేరతాయి కనుక సాయంత్రం కొట్టినంత మాత్రాన ప్రమాదం తప్పదు. పూతకు వచ్చే పంటలో వీటిని పూర్తిగా పక్కన పెట్టండి.

మిగతా మందులను సాయంత్రం కొట్టాలన్నది మంచి నియమమే. అయితే బీర, సొర పూలు విచ్చుకునేదే సాయంత్రం. ఆ రెండు పంటల్లో మాత్రం పువ్వు ముడుచుకున్న తరువాతి పొద్దుటి వేళను ఎంచుకోవాలి. చెట్ల కింద పూసిన కలుపు మీద కూడా మందు పడుతుందని మరవద్దు. కొట్టే ముందురోజు ఆ కలుపును కోసేయండి. పసుపు, నీలం జిగురు అట్టలు రసం పీల్చే పురుగులతో పాటు చారల ఈగలనూ చిన్న తేనెటీగలనూ పట్టేస్తాయి, కాబట్టి పూత మొదలవగానే వాటిని తీసేయడం మేలు.

చివరగా పెట్టె

మీ నోటుపుస్తకంలో ఖాళీ పేజీ లేని ఏడాది వచ్చినప్పుడు పెట్టె గురించి ఆలోచించండి. ఎకరాకు రెండు పెట్టెలు చాలు. మన వాతావరణానికి అలవాటుపడిన తొర్ర తేనెటీగను దగ్గరి ప్రాంతం నుంచే తెచ్చుకోండి. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాది రాష్ట్రాల్లో ఈ తేనెటీగ గూళ్లను లెక్కలేనన్ని తుడిచిపెట్టింది. ఎక్కడెక్కడి గూళ్లనో కలిపి తెస్తే అటువంటి రోగాలను కొని తెచ్చుకున్నట్టే. శిక్షణ కోసం, జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్ కింద ఏమి దొరుకుతుందో తెలుసుకోవడం కోసం మీ ఊరి రైతు సేవా కేంద్రంలోనూ, ఉద్యాన శాఖ అధికారినీ, కలికిరిలోని కృషి విజ్ఞాన కేంద్రంలోనూ అడగండి.

పెట్టెను తూర్పు ముఖంగా, మధ్యాహ్నం నీడ పడే చోట, కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టి చీమలు ఎక్కకుండా నిలపాలి. చుట్టుపక్కల రైతులకు పెట్టెలున్న సంగతి చెప్పి, వాళ్లు మందు కొట్టే రోజు ముందుగా తెలియజేయమని అడగండి. ఆ రోజు తెల్లవారకముందే ద్వారం జాలీతో మూసి, తడి గోనె కప్పి, సాయంత్రం తెరిస్తే గూడు నిలుస్తుంది. వేప, కానుగ పూత అయ్యాక తేనె తీయవచ్చు. పై అర తేనె మాత్రమే తీసి, పిల్లలున్న కింది అర జోలికి పోకండి. జూన్ తరువాత తీయవద్దు, వానలు కురిసే ఆ రెండు నెలలకు గూట్లో మిగిలిన తేనే వాటికి ఆధారం.